అజ్లూన్‌లో మా చుట్టాలు

న్యూజెర్సీలో, మా ప్లెయిన్స్‌బరోలో నాకు తెలిసినవాళ్లు సెలవు దొరికితే ఇండియా వెళ్తారు, సెలవు తక్కువైతే కాన్‌కూన్ బీచికి వెళ్తారు. ప్రపంచంలో ఇంకో దేశం ఉందని వాళ్ల ట్రావెల్ యాప్‌లకు కూడా నమ్మకం లేదు. అందుకే జోర్డాన్ వెళ్తున్నానని చెప్పగానే పక్క ఫ్లాట్ పద్మ ఆంటీ చేతిలో ఉన్న ఇడ్లీ పిండి గిన్నె కింద పెట్టేసి, "అక్కడ గొడవలు కదరా?" అంది.

గొడవలు అక్కడ కాదు, దాని చుట్టూ. వీధిలో అన్ని ఇళ్లవాళ్లూ కొట్టుకుంటుంటే మధ్య ఇంటాయన గుమ్మంలో పొయ్యి పెట్టుకుని, పారిపోయి వచ్చినవాళ్లకల్లా ఓ గ్లాసు టీ పోస్తున్నట్టు ఉంటుంది ఆ దేశం. బాగా చిన్నది. పొద్దున ఒక సరిహద్దు దగ్గర బయల్దేరితే సాయంత్రానికి మరో సరిహద్దు అడ్డం వస్తుంది. చెప్పుకోదగ్గ చమురు లేదు, చాలినన్ని నీళ్లు లేవు. రాళ్లు మాత్రం కావలసినన్ని. ఆ రాళ్లలో అతి ప్రసిద్ధమైనవి పెట్రా అనేచోట ఉన్నాయి. వాటిని మేం చూడలేదు. ఎందుకు చూడలేదో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

నాతో వచ్చింది సింధు. మా పెదనాన్న కూతురు. పుట్టిందీ పెరిగిందీ న్యూజెర్సీలోనే, పిస్కాటవేలో. ఫిజికల్ థెరపీ చదువుతోంది, అంటే కాళ్లు విరిగినవాళ్లను మళ్లీ నడిపించే చదువు. కారు తను నడుపుతుందని ముందే ఒప్పందం. నేను నడిపితే పక్క సీట్లో కూర్చుని లేని బ్రేకు తొక్కుతుంది.

అమ్మాన్: మెట్ల ఊరు

రాజధాని అమ్మాన్ నిండా కొండలే. కొండల మీద తెల్లరాతి ఇళ్లు, ఇళ్ల మధ్య మెట్లు. పక్కింటికి వెళ్లాలన్నా కిందికి దిగి పైకెక్కాలి. సాయంత్రమైతే ఆ తెల్లదనమంతా తేనె రంగులోకి మారుతుంది. డాబాల మీద పావురాలు పెంచేవాళ్లు వాటిని ఒక్కసారిగా వదులుతారు. గుంపంతా ఆకాశంలో ఓ దుప్పటి దులిపినట్టు తిరిగి, ఏ ఇంటివి ఆ ఇంటికి దిగిపోతాయి. అంతలో నమాజు పిలుపు. ఊరంతటికీ ఒకే గొంతు, ఒకేసారి. కానీ కొండలు కదా, దగ్గరి కొండ నుంచి ముందూ దూరపు కొండ నుంచి కాస్త ఆలస్యంగానూ వచ్చి, ఒక మాట తన నీడను తానే వెతుక్కుంటున్నట్టుంటుంది. నేను కళ్లు మూసుకుని వింటూ, ఇక్కడే ఉండిపోతే ఎలా ఉంటుందా అనుకున్నాను. అంతలో మేం దిగిన మేడ ఓనరు వచ్చి, ఈ ఇంటికి కుళాయి నీళ్లు వారానికోసారే వస్తాయి, స్నానం తొందరగా కానిమ్మన్నాడు.

మర్నాడు పొద్దున సింధు నన్ను గట్టిగా కుదిపి లేపింది.

"అన్నయ్యా! ఐస్‌క్రీమ్ ట్రక్!"

నిజమే, కింది వీధిలోంచి బొమ్మల పెట్టె వాయించినట్టు సన్నటి పాట. న్యూజెర్సీలో పెరిగిన పిల్లలకు ఆ పాట వినిపిస్తే కాళ్లు ఆగవు. వయసు ఇరవై నాలుగు దాటినా అంతే. సింధు నోటు పట్టుకుని మెట్లన్నీ దూకుతూ పరిగెత్తింది. నేను బాల్కనీలోంచి చూస్తున్నాను. ట్రక్కు ఆగింది. డ్రైవరు దిగాడు. ఇంత కంగారుగా వచ్చిందంటే పొయ్యి మీద కూర సగంలో ఆగిపోయి ఉంటుందనుకున్నాడేమో, చకచకా ఓ గ్యాస్ సిలిండరు దించి ఆమె కాళ్ల ముందు పెట్టాడు.

అమ్మాన్‌లో ఆ పాటకు అర్థం గ్యాస్ బండి వచ్చిందని. సింధు వద్దు వద్దని చేతులూపుతుంటే, ఆడపిల్ల మోయలేనంటోందనుకుని ఆయనే సిలిండరు భుజానికెత్తుకుని మెట్లెక్కడం మొదలెట్టాడు. మూడో అంతస్తుకొచ్చాక నిజం తెలిసి, నవ్వి, చెమట తుడుచుకుని, "వెల్కమ్ టు జోర్డాన్" అన్నాడు.

ఈ మాట అక్కడ అందరూ అంటారు. టాక్సీవాళ్లు, బార్బర్లు, రోడ్డు దాటుతున్న ముసలమ్మలు. అని ఊరుకోరు, తింటున్నదాంట్లో సగం చూపించి రమ్మంటారు. అర దినార్ ఇస్తే వచ్చే, శనగ వడలు పెట్టిన ఫలాఫెల్ సాండ్‌విచ్ కొనుక్కుని నిలబడితే, పక్కనున్నాయన తన దాంట్లోని ఊరగాయ ముక్క మన దాంట్లో వేస్తాడు. దినార్‌ను డాలర్లలోకి మార్చి, అలవాటు కొద్దీ దాన్ని రూపాయల్లోకి మార్చేసరికి సాండ్‌విచ్ చల్లారిపోతుంది.

ఒక టాక్సీ డ్రైవరును ఏ ఊరని అడిగితే, "పుట్టింది అమ్మాన్‌లోనే, మాది మాత్రం ఇక్కడ కాదు," అని సరిహద్దుకు అవతల తాతలు వదిలొచ్చిన ఊరి పేరు చెప్పాడు. ఎప్పుడైనా వెళ్లాడా అంటే తల అడ్డంగా ఊపాడు. "మరి మీది?" అన్నాడు సింధుతో.

"తెనాలి," అంది సింధు. తెనాలిని తను చూసింది రెండుసార్లు. రెండుసార్లూ కడుపునొప్పితోనే. అయినా ఎంత ధీమాగా చెప్పిందంటే, ఆయన అద్దంలోంచి ఆమెను చూసి సొంత మనిషి దొరికినట్టు తలూపాడు.

మునగనివ్వని నీళ్లు

నాకు ఈత రాదు. ప్లెయిన్స్‌బరోలో మా కాంప్లెక్సు స్విమ్మింగ్ పూల్‌లో నేను పిల్లలవైపు నిలబడి ఫోన్ చూసుకునే రకం. మృతసముద్రంలో మాత్రం వెనక్కి వాలగానే నీళ్లు నన్ను ఎత్తి పట్టుకున్నాయి. కాళ్లు కిందికి తొక్కుదామన్నా ఒప్పుకోవు. అవతలి ఒడ్డు కొండలు లేత ఊదా రంగులో తేలుతున్నాయి, నేనూ తేలుతున్నాను, ఏది ఎక్కడ ముగుస్తుందో తెలియడంలేదు. జీవితంలో తొలిసారి ఏ బరువూ లేదనిపించింది. ఆ ఆనందంలో కంట్లో నలకేదో పడితే ఆ ఉప్పునీళ్ల చేత్తోనే నలుపుకున్నాను.

తర్వాత కాసేపు జోర్డాన్ నాకు కనపడలేదు. సింధు నా చెయ్యి పట్టుకుని ఒడ్డుకు లాక్కొచ్చి మంచినీళ్లు పోసింది. "అన్నయ్యా, సైన్ బోర్డ్ ఉంది కదా, డోంట్ టచ్ ఐస్ అని!" బోర్డు చదువుదామంటే, కళ్లజోడు తీసేసి కదా నీళ్లలోకి దిగాను.

అజ్లూన్

జోర్డాన్ అంటే ఎడారి అనుకునేవాళ్లు ఉత్తరానికి వెళ్లాలి. అజ్లూన్ కొండలంతా ఓక్ చెట్లు, ఆలివ్ తోటలు. కొండ నెత్తిన పాత కోట. పొద్దున్నే మంచు లోయలోంచి పైకొచ్చి కోట నడుమును కప్పేస్తుంది. అప్పుడు పై బురుజులు మాత్రం ఏ ఆధారం లేకుండా గాల్లో నిలబడినట్టుంటాయి.

మేం దిగిన గెస్ట్‌హౌస్ అబూ తారెక్‌ది. ఆయన అసలు పేరు నాకింకా తెలీదు. పెద్దకొడుకు తారెక్ కాబట్టి ఆయన అబూ తారెక్, తారెక్ నాన్న. భార్య ఉమ్ తారెక్. పిల్లలు పుట్టాక మనుషుల పేర్లు అలా పక్కకు తప్పుకుంటాయి. రాత్రి భోజనాల దగ్గర నా కొడుకు పేరేమిటని అడిగాడు.

"పెళ్లే కాలేదండీ."

"అయితే ఏమైంది, అవుతుంది. కొడుకు పుడితే ఎవరి పేరు పెడతారు మీవైపు?"

"మా నాన్న పేరు పెడతారు. సుబ్బారావు."

"మావైపూ అంతే!" అని ఆయన సంబరపడిపోయి, అక్కడికక్కడే నన్ను అబూ సుబ్బారావ్ చేశాడు. పెళ్లికి ముందే తండ్రినయ్యాను, అది కూడా మా నాన్నకే. సింధు నవ్వి నవ్వి నీళ్లు ముక్కులోకి వెళ్లి దగ్గింది. అదే తను ఆ ఊళ్లో చివరిసారి హాయిగా నవ్వడం. 

కొసరు

మర్నాడు పొద్దున పెట్రాకు బయల్దేరాం. ఊరి చివర ఓక్ చెట్టు కింద ఓ పెద్దాయన అంజీర పండ్లు అమ్ముతున్నాడు. అట్టపెట్టెల్లో అంజీర ఆకులు పరిచి, వాటిమీద పసుపువీ ఊదావీ వరసలుగా పేర్చాడు. కొన్ని పండ్లు బాగా మాగి, తేనె కారుతూ, పగుళ్లలోంచి తమ సంగతి తామే చెప్పుకుంటున్నాయి. ఒక పెట్టె కొన్నాం. డబ్బిచ్చాం. థాంక్యూ చెప్పి కారెక్కాం.

న్యూజెర్సీలో అయితే ఆ సంబంధం అక్కడితో ముగుస్తుంది. కార్డు బీప్‌మన్నాక కొట్టువాడు మన వెనక రాడు. సింధుకు తెలిసిన ప్రపంచం అది. మార్కెట్లో అమ్మ కొంగు పట్టుకుని, తూకం అయ్యాక గుప్పెడు ఎక్కువ వేయించుకోవడం చూస్తూ పెరిగిన నాకైనా తట్టాలి. తట్టలేదు. అక్కడా కొసరు ఉంది. పెద్దాయన రెండు చేతుల నిండా పండ్లు తీసుకుని, మాకివ్వడానికి కారు వెనక నుంచి వస్తున్నాడు. సింధు రివర్స్ గేర్ వేసింది.

పెద్ద చప్పుడేం కాలేదు. మెత్తగా ఒక దెబ్బ, తర్వాత ఆయన అరుపు. దిగి చూస్తే ఆయన చీలమండ పట్టుకుని రోడ్డు మీద ఉన్నాడు, చుట్టూ పండ్లు. సింధు ముఖం సున్నంలా అయిపోయింది. "సర్, ఆర్ యూ ఓకే? ఆర్ యూ ఓకే?" అంది. అంబులెన్స్ పిలవమని నాకు చెప్పింది. ఆయన కాలు కదలకుండా నా జాకెట్ మడిచి కింద పెట్టింది. ఆ తర్వాత తనకు నేర్పినట్టు ఫోన్ తీసి, బంపర్ ఫొటోలు తీసింది.

చీలమండ ఎముక చిట్లింది. హాస్పిటల్లో కట్టు వేశారు. పోలీసు స్టేషన్లో సింధు లైసెన్స్ తీసి పెట్టుకున్నారు. పెద్దాయన నాకేం ఫిర్యాదు లేదని వచ్చి చెప్పేదాకా ఆమె దేశం దాటడానికి లేదన్నారు. అప్పటిదాకా లోపల కూర్చోబెట్టాలి నిజానికి. అబూ తారెక్ వచ్చి పూచీ పడి విడిపించాడు. ఒక్క రాత్రి మాకు అన్నం పెట్టినందుకు ఆయనకు పట్టిన అదృష్టం అది.

పిస్కాటవే నుంచి పెదనాన్న ఫోన్. సింధు స్పీకర్‌లో పెట్టింది.

"సింధూ, సారీ గానీ చెప్పావా?"

"లేదు డాడీ."

"గుడ్ గర్ల్. అనకు. సారీ అంటే ఫాల్ట్ అడ్మిట్ చేసినట్టే. ఇన్సూరెన్స్ వాళ్లు చూసుకుంటారు. ఏమీ సైన్ చేయకు. ఒరేయ్, నువ్వున్నావు కదరా పక్కన, ఏం చేస్తున్నావ్?"

"ఉన్నాను పెదనాన్నా," అన్నాను. చేస్తున్నది అంతే కాబట్టి.

మేం ఫోన్ పెట్టేదాకా అబూ తారెక్ ఆగి, నన్ను పక్కకు పిలిచాడు. "అబూ యూసుఫ్ నాకు తెలిసినవాడే," అన్నాడు. కాలు విరిగిన పెద్దాయన. "కాలు గురించి కాదు ఆయన బాధ. కాలు అతుక్కుంటుంది. ఆ అమ్మాయి క్షమించమని ఒక్క మాట అనలేదట. ఆయన కింద పడి ఉంటే కారు ఫొటోలు తీసిందట. ఊరంతా ఇదే చెప్పుకుంటోంది."

సింధుకు చెప్పాను.  "నాకు సారీ అనాలని ఉంది, అన్నయ్యా. నోటిదాకా వచ్చింది. డాడీ చెప్పారు, డ్రైవింగ్ క్లాస్‌లో చెప్పారు, డోంట్ అపాలజైజ్, టేక్ పిక్చర్స్. నేను అదే చేశాను. ఆయన నాకు ఫ్రూట్స్ ఇవ్వడానికి వచ్చారా?"

"అవును."

"ఫ్రీగా?"

అవునన్నాను. అప్పుడు ఏడ్చింది. ఇప్పుడే వాళ్లింటికి వెళ్తానని లేచింది.

"ఒంటరిగా వెళ్తే ఎలా?" అన్నాడు అబూ తారెక్. "మీవాళ్లు వెళ్లాలి, పెద్దవాళ్లు. మీవాళ్లెవరున్నారు ఇక్కడ?"

"నేనున్నాను," అన్నాను.

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "ఇంకా?"

నా బంధుబలగం

దాన్ని జాహా అంటారు. తప్పు జరిగినా, పిల్లను అడగాలన్నా, ఊళ్లో మాట చెల్లే పెద్దలందరినీ కూడగట్టుకుని అవతలివాళ్ల ఇంటికి వెళ్లి కోరడం. మనవైపు పెద్దమనుషులను వెంటేసుకుని వెళ్లినట్టే. చుట్టాలే లేని మాకు అబూ తారెక్ సాయంత్రానికల్లా ఫోన్ల మీద చుట్టాలను తయారు చేశాడు.

మర్నాడు మధ్యాహ్నం గెస్ట్‌హౌస్ ముందు కార్ల బారు. ఆ ఊరి బార్బరొచ్చాడు, ఫలాఫెల్ కొట్టాయన షాపు మూసి వచ్చాడు, రిటైరైన ఇంగ్లిష్ టీచర్ ఒకాయన టై కట్టుకుని వచ్చాడు. ఒకాయన ఇది పెళ్లి సంబంధమనుకుని అత్తరు పూసుకొచ్చాడు. సంగతి తెలిశాక కూడా వెళ్లిపోలేదు. అందరికీ పెద్ద హాజీ మహమూద్. తెల్లగడ్డం, ఒంటె రంగు నిలువుపాటి పైబట్ట. ఒక్కొక్కరే నన్ను కౌగిలించుకుని, "అబూ సుబ్బారావ్, ధైర్యంగా ఉండు," అన్నారు. పెరుగు ప్యాకెట్ తెమ్మంటే కూడా నన్ను నమ్మి పంపని ఇంట్లో పెరిగాను నేను. ఇప్పుడో వంశానికి ప్రతినిధిని.

అబూ యూసుఫ్ ఇంటి దగ్గర ఆడవాళ్ల వాకిలి వేరే. ఉమ్ తారెక్ సింధు చెయ్యి పట్టుకుని అటు తీసుకెళ్లింది. మేం మగవాళ్లం ముందు గదిలో గోడల పొడుగునా పరుపుల మీద కూర్చున్నాం. ఎదురుగా అబూ యూసుఫ్, కట్టు వేసిన కాలు దిండు మీద. పక్కన కొడుకు యూసుఫ్, చేతులు కట్టుకుని. చిన్న కప్పుల్లో ఏలకుల వాసన వేసే కాఫీ పోసి అందరి ముందూ పెట్టారు.

హాజీ మహమూద్ మాట్లాడడం మొదలెట్టాడు. టీచర్ నా చెవిలో చెబుతున్నాడు. "దేవుణ్ణి స్తుతించాడు. ఇప్పుడు ఈ ఇంటిని పొగుడుతున్నాడు. ఇప్పుడు మిమ్మల్ని. హిందూదేశంలో సుబ్బారావు కుటుంబం ఎంత గొప్పదో చెబుతున్నాడు." ఆ కుటుంబపు గొప్పతనం మొదటిసారి వింటున్నది నేనే.

తర్వాత యూసుఫ్ మాట్లాడాడు. గొంతు పెంచలేదు. టీచర్ కాస్త తటపటాయించి చెప్పాడు. "మా నాన్న చేతుల్లో పండ్లు పట్టుకుని వెళ్లాడు. ఆమె చేతిలో ఫోన్ పట్టుకుంది. ఆయన కింద పడి ఉంటే కారుకు దెబ్బ తగిలిందా అని చూసింది. కారుకేం కాలేదు, మీరు నిశ్చింతగా వెళ్లండి, అంటున్నాడు."

 కిటికీ పరదా ఒక్కటే లేచి పడుతోంది. నాకు సమాధానం చెప్పాలని ఉంది, భాష లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మనింట్లో అయినా అంతే కదా, పెద్దవాళ్ల మధ్య మాట తెగిపోతే ముందున్న గ్లాసు ఎత్తుతాం. పైగా పెట్టింది ముట్టుకోకుండా కూర్చుంటే ఇంటివాళ్లను అవమానించినట్టు. ఇంతమందీ కాఫీ చల్లారబెట్టుకుంటున్నారేమిటి, నేనన్నా మర్యాద నిలబెడదామని, కప్పెత్తి గటగటా తాగేశాను.

అన్ని తలలూ నావైపు తిరిగాయి.

"తాగేశావా?" అన్నాడు అబూ తారెక్, పెదవులు కదపకుండా.

"తాగాను. బాగుంది."

"కోరిన కోరిక వాళ్లు ఒప్పుకున్నాక తాగాలి! ఒప్పుకునేదాకా ఎవరూ ముట్టుకోరు! నువ్వు తాగితే మాకింక ఏమీ అక్కర్లేదని అర్థం!"

"నాకెవరూ చెప్పలేదే!"

"ఇది కూడా చెప్తారా?" అన్నాడు, ఊపిరి పీల్చుకోవడం ఎవరైనా నేర్పుతారా అన్నట్టు.

కప్పును చాలా మెల్లగా కింద పెట్టాను, మెల్లగా పెడితే మళ్లీ నిండుతుందేమోనని. హాజీ మహమూద్ పైకప్పు వైపు చూస్తున్నాడు. సుబ్బారావు కుటుంబం గురించి చెప్పినవన్నీ వెనక్కి తీసుకోవడమెలాగా అని ఆలోచిస్తున్నట్టుంది. యూసుఫ్ లేచి నిలబడ్డాడు.

లోపలి గది

అప్పుడే లోపలి గుమ్మం పరదా తొలగింది. ఉమ్ యూసుఫ్, కాలు విరిగినాయన భార్య, తలగుడ్డ సర్దుకుంటూ నిలబడి నాలుగు మాటలంది.  ముందు బార్బర్ పక్కుమన్నాడు, అతని వెనకే గదంతా.

"ఏమంది?" అన్నాను.

టీచర్ కళ్లు తుడుచుకున్నాడు. "మీ ఉపన్యాసాలు మెల్లగా కానివ్వండి, ఆ పిల్ల లోపల ఎప్పుడో తాగేసింది, నేనే తాగించాను, అంటోంది."

అబూ యూసుఫ్ దిండు మీది తన కాలివైపు చూసుకున్నాడు. "విరిగింది నా కాలు," అన్నాడు. "క్షమించేది మాత్రం ఈవిడ."

"నీ కాలు ముప్పై ఏళ్లుగా నేను పిసుకుతున్నాను. నాకు లేని హక్కు నీకుందా?" అంది ఆవిడ.

 ఆయన ఆ అమ్మాయిని పిలవమన్నాడు. సింధు వచ్చింది, కళ్లు ఎర్రగా ఉబ్బి. మగవాళ్లంతా చూస్తుండగా ఆయన పరుపు పక్కన నేల మీద కూర్చుని, కట్టు వైపు కాక ఆయన ముఖంలోకి చూసి, పెదనాన్న ఏ దేశంలోనూ అనొద్దన్న మాట అంది. "ఇట్ వాజ్ మై ఫాల్ట్. ఐ యామ్ సో సారీ."

టీచర్ అరబీలో చెప్పబోయాడు. అబూ యూసుఫ్ చెయ్యెత్తి ఆపాడు. కొడుకు వైపు చూశాడు. యూసుఫ్ కాఫీ పాత్ర తీసుకుని తిన్నగా నా దగ్గరికి వచ్చాడు. ఖాళీ కప్పు నింపాడు.

"ఈసారి కాస్త ఆగు," అన్నాడు ఇంగ్లిష్‌లో.

ఆగాను. అబూ యూసుఫ్ తన కప్పు ఎత్తి, "తాగండి, మీ కాఫీ తాగండి," అన్నాక అందరితోపాటు తాగాను. చల్లారిపోయింది అందరిదీ, నాది తప్ప.

తిరిగొస్తుంటే అబూ తారెక్ కార్లో సింధును అడిగాను, లోపల ఉమ్ యూసుఫ్‌తో ఏ భాషలో చెప్పావని.

"తెలుగులో," అంది. "తప్పయిపోయింది ఆంటీ, తప్పయిపోయింది, అన్నాను. తెలుగులో అంటే డాడీ రూల్ బ్రేక్ అవ్వదు కదా అనుకున్నాను ఫస్ట్. తర్వాత ఇంక ఇంగ్లిష్ రాలేదు."

కొండల మీద సాయంత్రం దిగుతోంది. ఆలివ్ ఆకులు గాలికి తిరగబడి, తోటంతా ఒక్కసారి వెండి రంగయి మళ్లీ పచ్చబడుతోంది. నేను ఏదో ఒక జోకు వేయాలి ఆ సమయంలో. ఏదీ తట్టలేదు.

స్టేషన్‌లో

మర్నాడు పొద్దున అబూ యూసుఫ్ చంకల కింద కర్రలు పెట్టుకుని, కొడుకు చెయ్యి ఆసరాతో స్టేషన్ మెట్లెక్కాడు. మెట్లెలా ఎక్కాలో, ఏ కర్ర ముందు వెయ్యాలో సింధు పక్కనుంచి చూపిస్తోంది. ఆయన విసుక్కుంటూనే ఆమె చెప్పినట్టు వేశాడు. మా విమానం ఆ సాయంత్రమే. అక్కడి అరబీ మాటలను అబూ తారెక్ నాకు ఇంగ్లిష్‌లో చెబుతున్నాడు.

ఆఫీసరు కాగితం ముందు పెట్టుకుని, ఆయన్ను కూర్చోమని, ఫిర్యాదు లేదా అని అడిగాడు. లేదన్నాడు. ఎవరైనా బలవంతపెట్టారా అని అడిగాడు. మా ఆవిడ, అన్నాడు. ఆఫీసరు నవ్వాపుకుని సింధును చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ ఆయన్ను చూశాడు.

"ఈ అమ్మాయి మీకు ఏమవుతుంది?"

అబూ యూసుఫ్ కర్రలు గోడకు ఆనించాడు.

"నా కాలు విరగ్గొట్టింది," అన్నాడు. "అంత చనువు పరాయివాళ్లు తీసుకోరు."

ఆఫీసరు సొరుగు లాగి, సింధు లైసెన్స్ తీసి ఆమె చేతిలో పెట్టాడు.